తలుపు ఉన్నోడికి జబ్బు, లేనోడికి కేసు

మా బాబాయికి స్కిజోఫ్రీనియా. మందులు మానేసినప్పుడల్లా అర్ధరాత్రి లేచి గోడతో గొడవ పడతాడు, ఒక్కోసారి ఒంటి మీద బట్టలు కూడా ఉంచుకోడు, అప్పుడు తలుపులు మూసేస్తాం, పిన్ని మెల్లగా మాట్లాడి పడుకోబెడుతుంది, పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేస్తాం, అంతే. ఇదే రోడ్డు మీద జరిగితే న్యూసెన్స్ కేసు. ఎవరి గుమ్మంలోనో నిద్రపోతే ట్రెస్‌పాస్, అంటే అనుమతి లేకుండా చొరబడ్డాడని కేసు. మూత్రానికి వెళ్తే అదో కేసు.

అమెరికా జైళ్లలో మానసిక రోగులు ఇంతమంది ఎందుకున్నారంటే పాత ఆస్పత్రులు మూసేశారు కాబట్టి అంటారు చాలామంది. లయొనెల్ పెన్‌రోజ్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ 1939లోనే యూరప్ దేశాల లెక్కలు పోల్చి, మానసిక ఆస్పత్రుల్లో పడకలు తక్కువున్నచోట ఖైదీలు ఎక్కువున్నారని రాశాడు. అమెరికా ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో 1955 నాటికి 5.5 లక్షలకు పైగా పేషెంట్లు ఉండేవాళ్లు, తర్వాత అవి ఖాళీ అవుతూ వచ్చాయి, 1963లో అధ్యక్షుడు కెనడీ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఊరూరా రావాల్సిన మానసిక వైద్య సెంటర్లు మాత్రం అనుకున్నన్ని రాలేదు. నిజమే గానీ నాకిది సగం కథే అనిపిస్తుంది. ఆస్పత్రిలో చేరకుండా ఇంట్లోనే ఉండి మందులతో నెట్టుకొచ్చేవాళ్లు ఎంతమంది లేరు?

ఇల్లు లేని రోగిని అసలు ఇరికించేది అడ్రస్ లేకపోవడం. కోర్టు నోటీసు ఏ అడ్రస్‌కి పంపుతారు చెప్పండి, అది అందక వాయిదాకి వెళ్లకపోతే వారెంట్, వారెంట్ ఉన్నోడికి బెయిల్ కష్టం, పూచీ ఇచ్చేవాళ్లు ఎలాగూ లేరు, దాంతో ఇంకొకడైతే సాయంత్రానికి ఇంటికెళ్లిపోయే కేసులో ఇతను వారాలు లోపలే. విచారణ అర్థం చేసుకునే స్థితిలో లేడని తేలితే ఇంకా ఘోరం, ట్రీట్‌మెంట్‌కి ఆస్పత్రిలో పడక దొరికేదాకా జైల్లోనే ఉంచుతారు, ఒక్కోసారి ఆ ఎదురుచూపే పడబోయే శిక్ష కంటే ఎక్కువ అవుతుంది.

ఈలోపు మందులు. క్లోజాపిన్ అని, ఏ మందుకీ లొంగని స్కిజోఫ్రీనియాకి చివరికి ఇచ్చేది. అది 48 గంటలకి మించి ఆగితే పాత డోసు నేరుగా వేయకూడదు, మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ రావాలి. అంటే శుక్రవారం రాత్రి పట్టుకెళ్లి సోమవారం డాక్టర్ చూసేసరికి ఎన్నో వారాలు పెంచుకుంటూ వచ్చిన డోసు గంగలో కలిసినట్టే! ఆ వారాంతంలో అతను అరిస్తే ఒంటరి సెల్లు. బయటికొచ్చేటప్పుడు చేతిలో నాలుగు మాత్రలు పెట్టి పంపిస్తే అవి అయిపోయాక ఏంటి?

ఇలాంటి రోగులతో ఎలా మాట్లాడాలో పోలీసులకి ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది అంటారు. అమెరికాలోని మెంఫిస్‌లో 1988లో మొదలైన ఆ పద్ధతి మంచిదే, కాదనను, కానీ అంత ఓపిగ్గా మాట్లాడి శాంతింపజేసిన మనిషిని ఆ కానిస్టేబుల్ ఎక్కడ దింపాలి?

అమెరికాలోనే డెన్వర్ నగరంలో 2016 నుంచి ఒక పని చేశారు. ఇల్లు లేక మాటిమాటికీ జైలుకెళ్తున్నవాళ్లలో కొందరికి లాటరీ తీసినట్టు ఎంపిక చేసి ఇల్లిచ్చారు, వెంట ట్రీట్‌మెంట్ టీమ్‌ని కూడా పెట్టారు. ముందు మందులేసుకో, తాగుడు మానెయ్, అప్పుడు తాళం ఇస్తాం అనే షరతు లేదు, 1990ల్లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్ట్ మొదలుపెట్టిన హౌసింగ్ ఫస్ట్ పద్ధతే ఇది. ఇల్లు ఇవ్వని గుంపుతో పోలిస్తే మూడేళ్లలో అరెస్టులు 40 శాతం తగ్గాయి. సున్నా కాలేదు, ఇల్లొస్తే జబ్బు పోదు కదా. అయినా ఇల్లు దొరికినవాళ్లలో 77 శాతం మంది మూడేళ్ల తర్వాత కూడా నిలకడగా ఇంట్లోనే ఉన్నారు. వీళ్లకి ఇల్లిచ్చినా ఉండరండీ, మళ్లీ రోడ్డు మీదికే పోతారు అని తేల్చేసేవాళ్లు ఈ ఒక్క లెక్కన్నా చూడాలి.

ఇవన్నీ తెలిశాక కూడా 2024లో అమెరికా సుప్రీం కోర్టు, గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో, బయట పడుకున్నవాళ్లకి జరిమానా వేయడం రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్ష కిందికి రాదంది. షెల్టర్‌లో చోటు లేకపోయినా సరే అట. కట్టలేని జరిమానా తర్వాత ఏమవుతుందో, పైన రాసిన వాయిదాలూ వారెంట్ల సంగతి ఇంకోసారి చదవండి.