మూసిన తలుపుల ఇంట్లో పది రోజులు

జర్మనీలోని ఫ్రైబుర్గ్ స్టేషన్‌లో రైలు ఆగేసరికి ప్లాట్‌ఫాం మీద 14 కుటుంబాలు మాకోసం నిలబడి ఉన్నాయి. చేతుల్లో అట్టముక్కలు, వాటి మీద మా పిల్లల పేర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు నుంచి దారంతా గోల చేసిన పిల్లలు ఒక్కసారిగా గప్‌చుప్ అయిపోయారు. ఎవరి పేరు ఎక్కడుందో వెతుక్కున్నారు, పెట్టెలు లాక్కుంటూ వెళ్ళారు, వెళ్తూ వెళ్తూ ఒకసారి నావైపు తిరిగి చూశారు. పది నిమిషాల్లో ప్లాట్‌ఫాం ఖాళీ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా గుండె అంతగా కొట్టుకున్న రోజు ఇంకొకటి లేదు.

మేం వెళ్ళింది స్కూల్ ఎక్స్ఛేంజ్ మీద. అంటే మా పిల్లలు వాళ్ళ ఇళ్ళలో ఉంటారు, తర్వాత వాళ్ళ పిల్లలు మా దగ్గరికి వస్తారు. తొమ్మిదో తరగతి పిల్లలు 14 మంది, టీచర్లం ఇద్దరం. యూరప్ వెళ్ళడానికి షెంగెన్ వీసా, వేలిముద్రలు, 30,000 యూరోలకు తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్, తల్లిదండ్రుల సంతకాలతో అనుమతి పత్రాలు. ఈ కాగితాల పనికే నెలలు పట్టింది. హోటల్లో దింపి బస్సులో ఊళ్ళు తిప్పితే మాకు టెన్షన్ సగం తగ్గేది. కానీ అప్పుడు డబ్బున్న పిల్లలే వచ్చేవాళ్ళు. ఇళ్ళలో ఉంటారు కాబట్టి బస, భోజనం ఖర్చు పోయింది. విమానం టికెట్టుకే కిందామీదా పడే ఇళ్ళ నుంచి కూడా పిల్లలు రాగలిగారు. ఈ విషయంలో నేను హెడ్‌మాస్టర్‌తో గట్టిగానే వాదించాను. ఇప్పుడైనా అదే వాదిస్తాను.

మొదటి రాత్రి పదింటికి ఫోన్. క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయి. గొంతు వణుకుతోంది.

“మేడమ్, అందరూ ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళి తలుపులు వేసేసుకున్నారు. నామీద కోపమా?”

“భోజనం పెట్టారామ్మా?”

“రొట్టె, చీజ్, కోసిన దోసకాయ ముక్కలు. అన్నీ చల్లగానే ఉన్నాయి. నేను సరిగ్గా తినలేదని కోపమొచ్చిందేమో.”

“ఏం కాదులేమ్మా, పడుకో. పొద్దున్నే నేను కనుక్కుంటాను” అన్నాను గానీ, నాకూ నిద్ర పట్టలేదు.

పొద్దున అక్కడి టీచర్‌ని అడిగితే ఆవిడ కంగారుపడింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. చాలా జర్మన్ ఇళ్ళలో సాయంత్రం పూట పొయ్యి వెలిగించరట. రొట్టెతోనే సరిపెడతారు, దాన్ని ఆబెంట్‌బ్రోట్ అంటారు. గది తలుపు వేసుకోవడమంటే అవతలి మనిషిని ఇబ్బంది పెట్టకుండా ఉండటమే. తట్టితే తీస్తారు. ఆ అమ్మాయి అలసిపోయి ఉంటుందని, ఆమెకోసమే తలుపులు వేసుకున్నారు వాళ్ళు. ఈ సంగతి మేం బయల్దేరకముందే పిల్లలకి చెప్పాల్సింది. వీసా కాగితాల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు దీని మీద పెట్టినా ఆ పిల్లకి ఆ రాత్రి తప్పేది.

బళ్ళో మావాళ్ళకి మింగుడుపడనిది మార్కుల పద్ధతి. అక్కడ 1 అన్నిటికంటే మంచి గ్రేడు, 6 అన్నిటికంటే తక్కువ. ఒక జర్మన్ కుర్రాడికి లెక్కల్లో 1 వస్తే మావాడొకడు భుజం తట్టి ఓదార్చాడు. క్లాసులో చెయ్యెత్తి మాట్లాడితే దానికీ మార్కులుంటాయి. టీచర్ చెప్పింది రాసుకోవడం అలవాటైన మా పిల్లలు మొదటి మూడు రోజులూ నోరు విప్పలేదు. నాలుగో రోజు నీటి వాడకం గురించి చర్చ వచ్చినప్పుడు ఒకడు లేచి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఇంగ్లిష్‌లో తప్పులు దొర్లాయి. ఎవరూ దిద్దలేదు, అందరూ విన్నారు.

ఊరి గురించి ఎక్కువ రాయను. పాత వీధుల్లో కాళ్ళ పక్కనే సన్నటి నీటి కాలవలు పారుతుంటాయి. వాటిని బెష్లే అంటారు. పొరపాటున కాలు పడితే ఆ ఊరివాళ్ళతోనే పెళ్ళవుతుందని నానుడి. మా పిల్లలు ఎంత జాగ్రత్తగా నడిచారో! 116 మీటర్ల చర్చి గోపురం కూడా చూశాం. 1944 నవంబరు 27 రాత్రి బాంబులకి చుట్టుపక్కల వీధులు నేలమట్టమైనా అది నిలబడింది.

ఐదో రోజు ఆ అమ్మాయి ఉన్న ఇంటివాళ్ళు నన్ను టీకి పిలిచారు. డెబ్భై దాటిన నానమ్మ ఒక రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. నిండా ఉత్తరాలు. ఫ్రైబుర్గ్‌కి ఫ్రాన్స్‌లోని బెజాన్సోఁతో 1959 నుంచి స్నేహబంధం ఉంది. ఈవిడ పద్నాలుగేళ్ళప్పుడు ఎక్స్ఛేంజ్ మీద ఆ ఊరు వెళ్ళిందట. వాళ్ళ నాన్న యుద్ధంలో కాలు పోగొట్టుకున్న జర్మన్ సైనికుడు. అక్కడి ఇంటావిడ అన్నయ్య అదే యుద్ధంలో చనిపోయాడు. “మొదటి రెండు రోజులూ ఆమె నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా వెనక కూర్చుని జడ వేసింది” అంది నానమ్మ. ఇది చెబుతున్నంతసేపూ వేళ్ళతో ఉత్తరాల అంచులు సర్దుతూనే ఉంది. మా అమ్మాయి ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. అప్పటికి ఆ ఇంట్లో తలుపులు తట్టడం వచ్చేసింది దానికి.

70 ఏళ్ళలో మూడుసార్లు యుద్ధం చేసుకున్న దేశాలు జర్మనీ, ఫ్రాన్స్. 1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ ఎలిసే ఒప్పందం అనే స్నేహ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ ఏడే రెండు దేశాల యువతకోసం ఉమ్మడి సంస్థ పెట్టారు. దాని ద్వారా ఇప్పటిదాకా 90 లక్షల మందికి పైగా పిల్లలు, యువకులు అటూ ఇటూ వెళ్ళొచ్చారు. ఒప్పందానికి 40 ఏళ్ళు నిండినప్పుడు బెర్లిన్‌లో చేరిన విద్యార్థులు, మా రెండు దేశాలకీ ఒకే చరిత్ర పుస్తకం కావాలన్నారు. 2006లో మొదటి భాగం వచ్చింది, అవే పాఠాలు రెండు భాషల్లో. సోషల్ టీచర్‌గా నాకు ఇంతకంటే పెద్ద వార్త లేదు.

ఏడో రోజు ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న కేల్ అనే ఊరి దాకా రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి రైన్ నది మీద కాలినడక వంతెన ఎక్కాం. నది మధ్యలో నిలబడటానికి వెడల్పాటి చోటుంది.

“సరిహద్దు ఎక్కడ మేడమ్?”

“ఇక్కడే. నీ కాళ్ళ కింద.”

వాడు కిందకి చూశాడు. చెక్క పలకలు, వాటి కింద నీళ్ళు. పాస్‌పోర్టులన్నీ నా సంచిలో కట్టగట్టి ఉన్నాయి. ఆ రోజు ఎవరూ అడగలేదు.

అవతలి ఊరు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్. 1871లో జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్స్‌కి వచ్చింది, 1940లో మళ్ళీ జర్మనీ, 1944లో మళ్ళీ ఫ్రాన్స్. ఇల్లు కదలకుండానే అక్కడివాళ్ళ దేశం మారిపోయేది. ఊరి నడిబొడ్డున 1936 నాటి యుద్ధ స్మారకం ఉంది. ఒక తల్లి, ఆమె ఒడికి ఆనుకుని చనిపోతున్న ఇద్దరు కొడుకులు. ఒకడు జర్మనీ తరఫున, ఇంకొకడు ఫ్రాన్స్ తరఫున. ఒంటి మీద బట్టల్లేవు కాబట్టి ఎవరు ఎటువైపో తెలియదు. కింద ‘మా మృతులకు’ అని మాత్రమే చెక్కారు, ఏ దేశం పేరూ లేదు. మా పిల్లలు, జర్మన్ పిల్లలు కలిసే చూశారు. ఫొటోలు తీయమని నేను చెప్పలేదు, వాళ్ళూ తీయలేదు.

తిరుగు రైల్లో ఆ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆరు నెలల్లో వాళ్ళ జర్మన్ స్నేహితురాలు మా దగ్గరికి రావాలి. ఒక నోటు పుస్తకం తెరిచి ఏదో రాసుకుంటోంది.

“ఏంటమ్మా అది?”

“తనకి ముందే చెప్పాల్సినవి మేడమ్. మా ఇంట్లో తలుపులు ఎప్పుడూ తీసే ఉంటాయి. ఎవరో ఒకరు గదిలోకి వస్తూనే ఉంటారు. తను భయపడుతుందేమో.”