తాళం గుర్తు చెప్పేదెంత?

బండి మీద చలానా ఉందంటూ వాట్సాప్‌లో లింకు వచ్చినప్పుడు, దాన్ని నమ్మడానికి మా బంధువుల్లో చాలామంది చెప్పే కారణం ఒక్కటే: చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంది, తాళం గుర్తూ ఉంది. ఈ నమ్మకమే నన్ను కలవరపెడుతోంది.

ఆ చివరి ఎస్ అక్షరం చేసే మేలు తక్కువేమీ కాదు. మన ఫోనుకూ సైటు సర్వరుకూ మధ్య నడిచే సమాచారమంతా టీఎల్‌ఎస్ పద్ధతిలో గుప్తలిపిగా మారుతుంది కాబట్టి, రైల్వే స్టేషను వైఫైలో పాస్‌వర్డు టైపు చేసినా దారిలో పొంచి ఉన్నవాడికి అది అర్థం కాదు. అయితే ఆ రక్షణ దారికే పరిమితం. అవతలివాడు దొంగే అయితే, మన సమాచారం సీలు వేసిన కవరులో భద్రంగా అతని చేతికే చేరుతుంది. చిరునామాకు ఆ ఎస్, తాళం రావాలంటే సైటుకు ఉండాల్సిన డిజిటల్ సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. ఇంటర్నెట్‌కు అది ఎంతో మేలు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను, కానీ మోసగాడికి కూడా సర్టిఫికెట్ నిమిషాల్లో దొరుకుతుంది. తాళాన్ని జనం నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ నుంచి దాన్ని తొలగించింది.

కాబట్టి చూడవలసింది సైటు పేరును. మొదటి జంట ఏటవాలు గీతల (//) తర్వాత మొదలై, ఆపై వచ్చే ఒంటి గీత (/) దగ్గర ఆగే భాగమే ఆ పేరు. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కేంద్ర రవాణా శాఖ అసలైన ఈ-చలానా సైటు పేరు పరివాహన్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ముగుస్తుంది. అవే మాటలు ముందు కనిపించినా, వాటి తర్వాత గీతకు బదులు మరో చుక్క, మరో పేరు, చివర డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటిది ఉంటే, ఆ సైటు రవాణా శాఖది కాదు, ఆ చివరి పేరు కొన్నవాడిది. పైకి కనిపించే అక్షరాల వెనుక వేరే చిరునామా ఉండవచ్చు. లింకును నొక్కి పట్టుకుంటే అసలుది బయటపడుతుంది.

బ్యాంకుల విషయంలో ఈ పని కొంత సులువైంది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాటిని నమోదు చేసే బాధ్యత హైదరాబాదులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థది.

లింకుకు బదులు ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు, వస్తే చిరునామా పరిశీలన కూడా అక్కర్లేదు, వెంటనే తొలగించాలి. దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఎస్‌ఎంఎస్ అనుమతి ఇస్తే ఓటీపీలు నేరుగా మోసగాడికి చేరతాయి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే బంధువులతో చర్చించే ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి, ఎందుకంటే ఆ సొమ్ము ఇంకో ఖాతాకు మారేలోపే దాన్ని నిలిపివేయించే అవకాశం ఉంటుంది.