రుసుముల పట్టికలో మా వరుస

మొన్న ఆదివారం కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం ప్రవేశ రుసుముల పట్టికను భోజనాల బల్ల మీద పరిచి లెక్కలు వేసుకుంటుండగా మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఆ పట్టికలో సందర్శకులను మూడు వరుసలుగా విడదీశారు: తూర్పు ఆఫ్రికా పౌరులు, కెన్యాలో నివాస అనుమతి ఉన్నవారు, బయటి దేశాలవారు. పదకొండేళ్ల పిల్ల మూడింటినీ వేలితో తడుముతూ చదివి, "అమ్మా, మనం ఏ వరుసలోకి వస్తాం?" అని అడిగింది. మనం నలుగురం రెండో వరుస, ఇండియా నుంచి వచ్చే తాతయ్య, అమ్మమ్మ మూడో వరుస అని చెప్పాను. "నేను నైరోబీలోనే పుట్టాను కదా, మరి నాది మొదటి వరుస ఎందుకు కాదు?" అంది.

కెన్యాలో పౌరసత్వం పుట్టిన చోటును బట్టి కాక తల్లిదండ్రులను బట్టి వస్తుందనీ, అందుకే తన పాస్‌పోర్టు భారతీయ పాస్‌పోర్టనీ వివరించాను. అంతా విని, "అయితే ఇండియాలో టికెట్ కొంటే నేను మొదటి వరుసే, కానీ అక్కడికి నేను సెలవులకే వెళ్తాను" అని తనకు తానే చెప్పుకున్నట్టుగా అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఉన్న సంగతిని ఉన్నట్టు అంది, అంతే. అయినా ఆ సాయంత్రమంతా నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మేము నైరోబీకి వచ్చి పదమూడేళ్లవుతోంది. మా వారు మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తారు. ఈ పదమూడేళ్లలో దొరికిన ప్రతి పెద్ద సెలవునూ తెనాలికే ఇచ్చాము. అమ్మానాన్నలకు వయసు మీద పడుతోంది, పెళ్లిళ్లుంటాయి, విమానం టికెట్లకే ఏడాది పొదుపంతా పోతుంది కాబట్టి మరో ఊహే రాలేదు. దానివల్ల మా పిల్లలకు మార్కెట్ సెంటర్లో ఏ దుకాణంలో జున్ను దొరుకుతుందో తెలుసు గానీ, మా ఇంటి నుంచి ఐదారు గంటల ప్రయాణంలో ఉన్న మారా మైదానం తెలియదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న నియమం పెట్టాను, ఆ నియమం మీద నాకు ఈ రోజుకీ ఏ సందేహమూ లేదు. కానీ గడప దాటితే ఉన్న నేల గురించి నేను వాళ్లకు చెప్పింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే దాన్ని నేనూ తెలుసుకోలేదు. 2017 జూలైలో కెన్యా ప్రభుత్వం ఇక్కడి భారత సంతతివారిని దేశంలోని 44వ తెగగా గుర్తించినప్పుడు, అది మనవాళ్లు కూలీలుగా వచ్చి ఇక్కడ రైలుదారి వేసిన కాలం నుంచి తరాలుగా ఇక్కడ బతికినవారి విషయం, వర్క్ పర్మిట్ మీద ఉన్న మనకు సంబంధం లేదు అనుకున్నాను. చట్టం దృష్టిలో అది నిజమే. పిల్లల దృష్టిలో ఎలా ఉంటుందో మాత్రం ఆలోచించలేదు.

ఈ ఏడాది అమ్మానాన్నలే మా దగ్గరికి వస్తున్నారు కాబట్టి మారా ప్రయాణం పెట్టుకున్నాము. పెద్దవాళ్లకు ఈ దేశాన్ని చూపించే పని పిల్లలకే అప్పగించాలని మా వారూ నేనూ అనుకున్నాము.

మొదట తేల్చుకోవలసింది ఎప్పుడు వెళ్లాలన్నది. వైల్డ్‌బీస్ట్ అనే అడవి జంతువుల మందలు లక్షల సంఖ్యలో పొరుగున టాంజానియాలోని సెరెంగెటి నుంచి ఉత్తరానికి వచ్చి మారా నదిని దాటే దృశ్యం సాధారణంగా జూలై నుంచి అక్టోబరు మధ్య కనబడుతుంది, లోకమంతా అప్పుడే వస్తుంది. అయితే నది దాటడం మందల ఇష్టం. గంటల తరబడి గట్టున ఎదురుచూసినా అవి వెనక్కి తిరిగిపోవచ్చు. అరవై ఎనిమిదేళ్ల నాన్నను కదలని బండిలో మధ్యాహ్నమంతా కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. పైగా 2024 నుంచి బయటి దేశాల పెద్దవాళ్లకు రోజుకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ వరకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. అమ్మానాన్నలిద్దరికీ మూడు రోజులంటే ఆ తేడా ఒక్కటే 600 డాలర్లు. పిల్లల సెలవులు జూన్ చివరి వారంలో మొదలవుతాయి. అప్పటికి మార్చి నుంచి మే దాకా కురిసే పెద్ద వానలు వెనకబడతాయి, గడ్డి ఎత్తుగా పచ్చగా ఉంటుంది, బండ్ల రద్దీ ఇంకా మొదలుకాదు, తూర్పున ఉన్న లోయితా మైదానాల నుంచి చిన్న మందలు మారాలోకి దిగుతుంటాయి. ఎత్తైన గడ్డిలో సింహాలు కనబడడం కొంత కష్టమే. అయినా జూన్ చివరి వారమే ఖాయం చేశాము.

ఆ రుసుము ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే చెల్లుతుందన్న సంగతిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. బసను అభయారణ్యం లోపల తీసుకుంటామా, గేటు బయట తీసుకుంటామా అన్నదాన్ని బట్టి ఎన్ని రోజుల రుసుము కట్టాలో మారుతుంది. మా పరిచయస్తులు ఒకరు కిందటేడు ఒక ట్రావెల్ సంస్థ చెప్పిన మొత్తంలో అన్నీ ఉన్నాయనుకుని వెళ్లి, ప్రవేశ రుసుము అందులో లేదని గేటు దగ్గర తెలిసి పెద్ద ఇబ్బంది పడ్డారు. అందుకని నేను ప్రతి అంశాన్నీ విడివిడిగా రాసి పంపమని అడిగాను. నివాసుల ధర కావాలంటే మా వర్క్ పర్మిట్లు, పిల్లల డిపెండెంట్ పాసులు వెంట ఉండాలి. వాటిని ఒక కవరులో పెట్టే బాధ్యత అమ్మాయి తీసుకుంది, ఇప్పుడామె వరుసల వ్యవహారం నాకంటే బాగా చెప్పగలదు.

ఖర్చుకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది టీకా. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ముందస్తు అనుమతి సరిపోతుంది, అది ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. కానీ కెన్యా నుంచి ఇండియాకు తిరిగి వెళ్లేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకపోతే అక్కడి విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నిబంధన ఉంది, ఆ పత్రం టీకా వేసుకున్న పది రోజుల తరువాతే చెల్లుబాటులోకి వస్తుంది. అరవై దాటినవారికి ఈ టీకా వల్ల ఇబ్బందులు వచ్చే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి వైద్యుడు చూసి సరేననాలి. మా కుటుంబ వైద్యుడు ఇద్దరినీ పరీక్షించి ఒప్పుకున్న తరువాతే తమ్ముడు వాళ్లను హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు తీసుకెళ్లి వేయించాడు. నైరోబీ ఎత్తైన ఊరు కావడంతో ఇక్కడ మలేరియా భయం తక్కువ, మారాలో మాత్రం ఉంది. పిల్లలకైనా పెద్దలకైనా మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు వైద్యుడిని అడిగే ఇవ్వాలి. తల్లిదండ్రులను పిలిపించుకునే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: జంతువుల గురించి తరువాత చదవండి, ముందు టీకా తేదీ చూసుకోండి.

వెళ్లడం ఎలా అన్నదానిమీద ఇంట్లో రెండు రోజులు చర్చ నడిచింది. నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానం ముప్పావు గంటలో మారాలో దింపుతుంది, కాకపోతే సామాను మెత్తటి సంచుల్లో మనిషికి 15 కిలోలే, టికెట్ల ఖర్చు కూడా ఎక్కువ. రోడ్డు మీద వెళ్తే లోయ అంచున ఆగి మహా పగులు లోయను (గ్రేట్ రిఫ్ట్ వ్యాలీని) చూడవచ్చు, మాయి మహియు దగ్గర 1942లో ఇటలీ యుద్ధఖైదీలు కట్టిన చిన్న ప్రార్థనామందిరం కనబడుతుంది, నరోక్ పట్టణంలో భోజనం చేసి మారా అభయారణ్యపు సెకెనాని గేటుకు చేరవచ్చు. అమ్మకు నడుంనొప్పి ఉంది కాబట్టి నేను విమానం వైపు మొగ్గాను. అప్పుడు అమ్మాయి, ముందు ఒక పూట నైరోబీ జాతీయ పార్కుకు తీసుకెళ్లి అమ్మమ్మ కుదుపులు తట్టుకుంటుందేమో చూద్దామంది. 1946లో ఏర్పడిన 117 చదరపు కిలోమీటర్ల ఆ పార్కు మా ఊళ్లోనే ఉంది. బడివాళ్లు తీసుకెళ్లడం వల్ల అది తనకు తెలిసిన చోటు. నాకు తోచని ఉపాయం అది. ఆ పూట గడిచాకే రోడ్డా, విమానమా అన్నది తేలుస్తాము.

తిండి విషయంలో అమ్మ తెనాలి నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టింది. పులిహోర పులుసు, కారప్పొడి, కందిపొడి, జంతికలు అన్నీ ప్లాస్టిక్ కవర్లలో కట్టి తెస్తానంటే, అలాంటి కవర్లను ఇక్కడికి తేకూడదని మా ఏడేళ్ల అబ్బాయి ఫోనులో వివరించాడు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది. 2020 జూన్ నుంచి అభయారణ్యాల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా తీసుకెళ్లనివ్వరు. "అమ్మమ్మా, స్టీలు డబ్బాల్లో పెట్టు, లేకపోతే గేటు దగ్గర తీసేసుకుంటారు" అని వాడు చెప్పిన తీరులో ఇంటివాడు చుట్టానికి జాగ్రత్తలు చెప్పే ధోరణి ఉంది. అమ్మ వెంటనే మా చిన్నప్పటి టిఫిను క్యారేజీని అటక మీద నుంచి దింపించింది.

పులిహోరలోని చింతపండు గురించి పిల్లలకు ఒక సంగతి చెప్పాను. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికాయే. ఇక్కడివారు దాన్ని ఉక్వాజు అంటారు. రాగులు కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల నుంచి వేల ఏళ్ల కిందట మన దేశానికి వచ్చినవే. పొద్దున మా పక్కింటివాళ్లు తాగే వింబి ఉజి, తెనాలిలో నాన్న తాగే రాగిజావ ఒకే గింజ. ఈ మాట విన్న తరువాత అబ్బాయి బడిలో పెట్టే ఉజిని వదిలిపెట్టకుండా తాగుతున్నాడు.

వాడొక నోటుపుస్తకం పెట్టాడు. ఒక్కో పుటలో మూడు గీతల మధ్య తెలుగు, స్వాహిలి, ఇంగ్లీషు పేర్లు రాస్తున్నాడు. నాన్న ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశారు కాబట్టి తెలుగు గడి నింపే పని ఆయనది. ఏనుగు, టెంబో. జిరాఫీ, ట్విగా. హైనా దగ్గర నాన్న "దుమ్ములగొండి" అని చెప్పి, దుమ్ములంటే ఎముకలనీ, ఎముకల్ని కూడా కొరికి తినేది కాబట్టి ఆ పేరనీ విడమరిచారు. దాన్ని స్వాహిలిలో ఫిసి అంటారని వీడు ఆయనకు చెప్పాడు. సింహం, సింబా ఒకే మాట అని వాడు గంతులేస్తుంటే, వినడానికి ఒకటిగా ఉన్నా ఆ రెండింటికీ చుట్టరికం లేదని నాన్న నిదానంగా చెప్పారు. తరువాత నిజంగా చుట్టరికమున్న మాటలు ఇద్దరూ కలిసి వెతికారు. యోగక్షేమాలడిగే హబారి, మన కబురు. రాసే కలాము, మన కలం. కొట్టుకు వాడే దుకా, మన దుకాణం. అన్నీ అరబ్బీ నుంచి రెండు దారుల్లో రెండు చోట్లకు చేరినవే. ప్రయాణమనే అర్థమున్న సఫారీ కూడా తెలంగాణలో వినిపించే సఫరుకు తోబుట్టువే.

వైల్డ్‌బీస్ట్ దగ్గర మాత్రం తెలుగు గడి ఖాళీగా ఉండిపోయింది. స్వాహిలిలో న్యుంబు. మన దేశంలో లేని జంతువుకు మన భాషలో పేరెక్కడుంటుందని నాన్న అన్నారు. వాడు బొమ్మను ఫోను కెమెరా ముందు పెట్టి చాలాసేపు చూపించాడు. వంగిన కొమ్ములు, కుంగిన వీపు, గొంతు కింద వేలాడే వెంట్రుకలు. చివరకు నాన్న "గడ్డపు దున్న అని రాయరా, రేపు చూశాక బాగాలేదనిపిస్తే మారుద్దాం" అన్నారు. వాడు పెన్సిలుతో, కొట్టివేయడానికి వీలుగా, లేతగా రాసుకున్నాడు.

అమ్మాయి వేరే పనిలో ఉంది. మారాలో మా బండి నడిపే వ్యక్తి పలకరిస్తే ఎలా బదులివ్వాలో అమ్మమ్మకు నేర్పుతోంది. స్వాహిలిలో పెద్దలను పిల్లలు "షికామో" అని పలకరిస్తే, పెద్దలు "మరహబా" అని బదులిస్తారు. మీ పాదాలు పట్టుకుంటున్నాను అన్న అర్థంలోంచి ఆ మాట వచ్చిందని బడిలో చెప్పారట. ఇది విని అమ్మ ఫోను అవతల కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను మరహబా అనాలి, నువ్వు షికామో అనాలి, అంతేనా తల్లీ?" అంది. ఇండియాకు వెళ్లినప్పుడు పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టమని నేను వెనకనుంచి గుసగుసగా చెప్పవలసి వచ్చే ఈ పిల్ల, ఆ రోజు ఎవరూ చెప్పకుండా, తెరకు దగ్గరగా తల వంచి ఆ మాట అనడం నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను.

నిన్న రాత్రి బస వాళ్లు పంపిన పత్రం నింపాము. అమ్మానాన్నలు శాకాహారులని, ఉల్లి వెల్లుల్లి తింటారని, నాన్నకు బండి ఎక్కడానికి చిన్న మెట్టుపీట కావాలని, తెల్లవారుజామున చలికి అదనపు దుప్పట్లు కావాలని నేను చెబుతుంటే అమ్మాయి టైపు చేసింది. చివరి గడిలో, మీ బృందం ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్న ఉంది. నన్నేమీ అడగకుండా తనే నింపింది: నలుగురం నైరోబీ నుంచి, ఇద్దరు తెనాలి నుంచి.