మిన్నెసోటా పెరట్లో శ్రీకాకుళం బూడిద

నిన్న పొద్దున్న మా అల్లుడు ఫోటో పెట్టాడు. మూడు మొక్కలు, ఒక్కటీ మోకాలెత్తు లేదు, చుట్టూ కోళ్ల జాలీ. కింద "నాటేశాం అత్తయ్యా" అని రాశాడు. ఏడాదిగా నా పరువు తీసిన బ్లూబెర్రీ గొడవ అక్కడికి ఒక కొలిక్కి వచ్చింది. మళ్లీ ఏదో ఒకటి జరిగేలోపు రాసేస్తున్నాను.

మా అమ్మాయి వాళ్లు సెయింట్ పాల్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. పిల్లలు బ్లూబెర్రీలు డబ్బాలకి డబ్బాలు ఖాళీ చేస్తున్నారు, పెరట్లో వేసుకుంటాం, మంచి మొక్క చూసి పెట్టమ్మా అంది. నన్నే ఎందుకంటే, శ్రీకాకుళంలో మా వీధిలో ఆనప పాదు వాడినా, గులాబీకి పురుగు పట్టినా అందరూ వచ్చేది నా దగ్గరికే. పుట్టిల్లు ఉద్దానం. 2018లో తిత్లీ తుఫానుకి మా నాన్నగారి కొబ్బరిచెట్లు పడిపోతే, కొత్త మొక్కలు ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూసి ఎంచింది నేనే. ఇప్పుడొచ్చి చూడండి, ఎలా ఉన్నాయో. అలాంటిదాన్ని, ఒక పొద ఎంచలేనా అనుకున్నాను.

అమ్మాయి ఒక ఆన్‌లైన్ నర్సరీ పేజీ వాట్సాప్‌లో పంపింది. ఫోటోల్లో ఏ పండు లావుగా, నిగనిగలాడుతూ ఉందో చూశాను. మిస్టీ అని ఒకటుంది, అచ్చం చిట్టి నేరేడు. మూడు తీసుకోమన్నాను. వారంలో వచ్చేశాయి. నాటే రోజు నేను వీడియో కాల్‌లో కూర్చుని, "గొయ్యిలో మాగిన గెత్తం వెయ్యి, ఫైర్‌ప్లేస్‌లో బూడిద ఉంటుంది కదా, అదీ నాలుగు దోసిళ్లు పొయ్యి" అన్నాను. మా ఇంట్లో బూడిద ఎప్పుడూ పారెయ్యం. వంగకి చల్లుతాం, ఆనప మొదట్లో పోస్తాం. అల్లుడు ఏదో అనబోయాడు. అమ్మాయి, "మా అమ్మకి తెలుసులే" అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జూలైకల్లా ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. బలం చాలలేదనుకుని ఇంకో రెండు దోసిళ్ల బూడిద పోయించాను.

ఇక అసలు సంగతి. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడ్డానికి విజయనగరంలో మా వియ్యాలవారింటికి వెళ్తాం. పోయినేడూ వెళ్లాం. సాయంత్రం సిరిమాను చూసి వచ్చేసరికి ఇంటి నిండా చుట్టాలు, హాల్లో కింద కూడా చోటు లేదు. అల్లుడు వీడియో కాల్ చేస్తే ఎవరో కుర్రాడు దాన్ని టీవీకి కలిపాడు. మా వియ్యపురాలు వదినగారు, "ఏం బాబూ, మీ అత్తగారు పెట్టించిన మొక్కలు కాపుకొచ్చాయా?" అని అడిగారు. మా అల్లుడు బంగారం లాంటివాడు గాని, అబద్ధం చెప్పడం చేతకాదు. యూనివర్సిటీ ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయించాడట, ఆ కాగితం తెచ్చి టీవీ నిండా పట్టాడు. మట్టి పులుపుని కొలిచే పీహెచ్ 7.4. బ్లూబెర్రీకి నాలుగున్నర, అయిదు మధ్య ఉండాలట. ఒక్క అంకె పెరిగితే పులుపు పదింతలు తగ్గినట్టట. పులుపు లేని మట్టిలో ఇనుము ఉన్నా వేరు లాక్కోలేదు, అందుకే ఆకులకి ఆ పసుపు. బూడిదకి సున్నం గుణం, ఉన్న కాస్త పులుపునీ అదే తినేసింది.

"బూడిద ఎవరు పోయించారు బాబూ?" అంది వదినగారి ఆడపడుచు. అల్లుడు మాట్లాడలేదు. అందరూ నా వైపు చూశారు.

నేనే తేరుకుని, వచ్చే ఏడు సర్దుకుంటాయిలే అన్నాను. "ఈ చలికి ఆగవేమో అత్తయ్యా, మాది జోన్ నాలుగు, ఇవి ఇక్కడి జోన్‌వి కావు" అన్నాడు. జోన్ అంటే నాకు తెలిసింది ఒకటే, రైల్వే జోన్. "జోన్ విశాఖపట్నానికి కదా ఇచ్చారు?" అన్నాను. హాలంతా గొల్లుమంది. పిల్లలు కూడా. వదినగారు నవ్వు ఆపుకుంటూ, "పోనీలెండి వదినగారూ, మీ జీడిమొక్కలకి జోన్లూ గీన్లూ ఉండవు కదా" అన్నారు. పిల్లనిచ్చినదాన్ని, ఏమంటాను? రాత్రి పులిహోర వడ్డిస్తూ, "పులుపు సరిపోయిందా వదినగారూ?" అని అడిగారు. మామూలుగానే అడిగారేమో. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇంటికొచ్చి పంతం పట్టి చదివాను. జోన్ అంటే ఆ ఊళ్లో చలికాలం ఎంత కిందికి దిగుతుందో చెప్పే లెక్క. నాలుగంటే మైనస్ 34 దాకా. ఇక్కడ పదిహేను డిగ్రీలకే మా ఆయన మంకీ క్యాప్ తీయరు. నేనెంచిన మిస్టీ ఫ్లోరిడా లాంటి వెచ్చని చోట్లకి తయారుచేసిన రకం. ఇంకో సంగతి కూడా తెలిసింది. 1910లో ఫ్రెడరిక్ కోవిల్ అనే ఆయన, అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రవేత్త, బ్లూబెర్రీకి పుల్లమట్టి కావాలని, గెత్తం, సున్నం పడవని రాశాడు. అంతకుముందు అక్కడివాళ్లకే దాన్ని తోటలో పెంచడం చేతకాలేదు. దాన్ని వదినగారికి ఫార్వర్డ్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

అల్లుడు అన్నట్టే మిస్టీలు వసంతానికి చిగురించలేదు. అమ్మాయి డబ్బు వెనక్కి అడిగితే, మీ జోన్‌కి ఇది పనికిరాదని పేజీ కింద రాశాం కదా అని జవాబు. బండి పంపడానికి పిన్‌కోడ్ తీసుకున్నప్పుడు తెలియలేదా వాళ్లకి, ఎక్కడికి పంపుతున్నారో? మా కూరగాయల బండివాడు నయం, పుచ్చువంకాయ ఏరితే తనే తీసి పక్కన పడేస్తాడు.

రెండోసారి ఎంపికలో ముందు పండు ఫోటోలు చూడలేదు, ఎత్తు అడిగాను. బ్లూక్రాప్ అని పేరున్న రకం ఉంది, కాపు బాగా ఇస్తుంది గాని అయిదారడుగులు పెరుగుతుంది. అక్కడ కురిసే మంచు పొట్టి మొక్కని దుప్పటిలా కప్పేస్తుంది, దాని కింద మొగ్గలు చలికి చావవు. పైకి పొడుచుకొచ్చిన కొమ్మలే మాడిపోతాయి. మంచు వెచ్చగా ఉంచడమేమిటో అని నాకు ఇప్పటికీ వింతే. పొడుగు జాతిని అడవిలో నేలబారుగా పెరిగే జాతితో కలిపి, మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లే పొట్టి రకాలు తయారుచేశారు. 1983లో నార్త్‌బ్లూ, 1996లో పొలారిస్, చిప్పెవా. మూడూ ఒక్కొక్కటి తీసుకోమన్నాను. రకం మారితే పుప్పొడి ఇచ్చిపుచ్చుకుని కాయ లావవుతుంది. ఈసారి ఊళ్లోని నర్సరీలో కుండీ మొక్కలు, చూసి కొన్నారు.

మట్టి పని అల్లుడిదే. బూడిద పోసిన చోటు వదిలేసి, పక్కన చెక్కలతో ఎత్తుమడి కట్టాడు. మట్టిలో పీట్ మాస్ అనే పుల్లటి నాచుపొడి కలిపి, పోయిన దీపావళి వారంలోనే గంధకం వేశాడు. గంధకమంటే నాకు మతాబులే గుర్తొచ్చాయి. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని పులుపుగా మార్చాలట, దానికి నెలలు పడుతుంది, అందుకే ముందుగా వెయ్యాలి. ఏప్రిల్‌లో మళ్లీ పరీక్ష చేయిస్తే 5.1 వచ్చింది. పైన పైన్ ఆకులు పరిచాడు. జాలీ కుందేళ్ల కోసం, చలికాలం తిండి దొరక్క కొమ్మలు కొరికేస్తాయట.

కుండీల్లో వచ్చిన మొక్కలకి అప్పటికే పూలున్నాయి, తెల్లగా చిన్న గంటల్లా. మొదటి రెండేళ్లు పూలు గిల్లెయ్యాలి, లేకపోతే బలమంతా కాయకే పోతుంది, వేరు పట్టదు. మనవరాలు ఏడ్చింది. నేను ఫోన్‌లోంచే గిల్లించాను.

ఇవాళ వదినగారు ఫోన్ చేశారు. "మొక్కలు నాటారట కదా, పూత ఉందా?" అని అడిగారు. "బోలెడుంది వదినగారూ" అన్నాను.