ఎవరి నంబరు మీద బిల్లు?

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లినిక్కుల బిల్లులు ఆడిట్ చేయడం నా ఉద్యోగం. బీపీ, షుగర్, దగ్గు లాంటి కేసులు అక్కడ చాలా చోట్ల ఫిజీషియన్ అసిస్టెంట్లే చూస్తారు, అంటే డాక్టర్లు కాకపోయినా పేషెంట్లని చూసి మందులు రాసేవాళ్లు. మేం పీఏ అంటాం (మంత్రిగారి పీఏ కాదులెండి). 1965లో డ్యూక్ యూనివర్సిటీలో, నేవీలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన నలుగురితో ఈ చదువు మొదలైంది.

పీఏలు చూస్తే ఖర్చు తగ్గుతుందంటారు. ఎవరికి?

మామూలు ఫాలోఅప్‌కి కోడ్ 99213. డాక్టరు చూస్తే మెడికేర్, అంటే పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా, కట్టే రేటు రమారమి 90 డాలర్లు. పీఏ తన నంబరు (బిల్లులో చూసినవాళ్లని గుర్తించే సంఖ్య) మీద బిల్లు వేస్తే అందులో 85 శాతం, 76.50. జీతాల్లో తేడా అంతకంటే చాలా ఎక్కువ. 2023లో పీఏల మెడియన్ జీతం ఏడాదికి 1,30,020 డాలర్లు, ఫ్యామిలీ డాక్టరుది సగటున 2,40,000 దాకా ఉంది. రోజుకి 20 మంది, ఏడాదికి 240 రోజులు, అందరూ మెడికేరే, అన్నీ 99213లే అనుకోండి. డాక్టరు 4,32,000 తెస్తే జీతం పోగా 1,92,000 మిగులుతుంది. పీఏ 3,67,200 తెస్తే మిగిలేది 2,37,000 పైమాటే. అద్దె, నర్సుల జీతాలు నేను కలపలేదు. 15 శాతం కోత పడ్డా క్లినిక్‌కి లాభమే. పైగా డాక్టరుకి రేటు ఎక్కువున్న 99214లు, అంటే ఇంకాస్త కష్టమైన కేసులు, చూసే తీరిక దొరుకుతుంది. రోజంతా వరసగా కష్టమైన కేసులే చూసే ఆ డాక్టరు అవస్థ మాత్రం ఏ కాలమ్‌లోనూ కనపడదు.

ఇంత మిగిలినా ఒక్కో బిల్లు మీద తగ్గే ఆ 13.50 వదలబుద్ధి కాదు. దానికి 'ఇన్సిడెంట్ టు' అనే దారుంది. డాక్టరు ముందే చూసి వైద్యం మొదలుపెట్టిన జబ్బుకి పీఏ ఫాలోఅప్ చేస్తే, ఆ టైములో డాక్టరు అందుబాటులో ఉంటే, డాక్టరు నంబరు మీద పూర్తి రేటుకి బిల్లు వేయొచ్చు. అప్పుడు మెడికేర్‌కి ఆదా సున్నా. 20 శాతం వాటా కట్టే పేషెంటుకి 15.30 బదులు 18 పడుతుంది. గదిలోకి వచ్చి చూసింది ఆ పీఏనే! క్లెయిమ్‌లో ఆ పేరు ఉండదు కాబట్టి పీఏలు ఎంత పని చేస్తున్నారో మెడికేర్‌కి సరిగ్గా తెలిసే వీలూ లేదు. దీన్ని తీసేయమని 2019లో మెడ్‌పాక్, అంటే మెడికేర్ మీద సలహాలిచ్చే సంఘం, అమెరికా కాంగ్రెస్‌కి సిఫార్సు చేసింది. నాదీ అదే మాట.

నాకు ఎక్కువగా దొరికేది ఇలాంటిది: బీపీ ఫాలోఅప్ అని పైన ఉంటుంది, కింద ఓ మూల 'రెండు వారాలుగా మోకాలి నొప్పి' అని ఒక్క లైను. కొత్త సమస్య, పీఏ చూసి మందు రాశారు. ఇక ఇన్సిడెంట్ టు కుదరదు, పీఏ నంబరుకి మారుస్తాను. "తర్వాత డాక్టరు సంతకం పెట్టారు కదా?" అని క్లయింటు మెయిలు వస్తుంది. సంతకం చాలదని రూలు అతికించి పంపుతాను. వాళ్ల మేనేజరుని కాపీలో పెట్టి మళ్లీ అదే అడుగుతారు.