ఒక్క మెరుపుకే పెరిగిపోయింది

టీవీలో ‘ఎరగాన్’ సినిమా చూస్తున్నాను. పిల్ల డ్రాగన్ ఎగిరి మబ్బుల్లోకి దూరింది. మెరుపులు మెరిశాయి. కిందికి దిగేసరికి మనిషిని మోసేంత పెద్దదైపోయింది. అంతే!

రిమోట్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ‘ఎరగాన్’ నవలలో ఈ డ్రాగన్, అంటే సఫీరా, పెరగడానికి నెలలు పడుతుంది. కథానాయకుడైన కుర్రాడు ఎరగాన్ దాన్ని అడవిలో దాచిపెట్టి, మాంసం తెచ్చి పెడుతూ, మెల్లగా మాటలు నేర్పుతూ... నాకు పుస్తకం నచ్చిందే అక్కడ. 2006లో తీసిన ఈ సినిమాకి అంత ఓపిక లేదు.

అంత లావు పుస్తకం రెండు గంటల్లో పట్టదు, ఒప్పుకుంటాను. కానీ కత్తెర వేయాల్సింది అక్కడేనా? పుస్తకంలో ఉన్న సోలెంబమ్ అనే పిల్లిని అసలుకే లేపేశారు, అది ఇంకో బాధ.

నటుడు జెరెమీ ఐరన్స్ తెర మీదికి వచ్చినప్పుడల్లా మాత్రం కాస్త సర్దుకుని కూర్చున్నాను.

తిట్టుకుంటూనే చివరిదాకా చూశాననుకోండి. ఇప్పుడు అల్మారాలో ఆ పుస్తకం కోసం వెతుకుతున్నాను.