నా అనుభవం: డ్యూటీలో నడుముకు దెబ్బ, హెచ్‌ఆర్‌లో ఆగిన ఫారం 12

హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పక్షవాతం రోగులకు ఫిజియోథెరపీ చేస్తాను. జీతం 21 వేల లోపే కనుక ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. 2024 ఆగస్టులో డ్యూటీలో నడుముకు తగిలిన దెబ్బకు రావలసిన భృతి ఎట్టకేలకు నిన్న ఖాతాలో పడింది. ఇంతకాలం అడ్డుపడింది మా ఆసుపత్రి హెచ్‌ఆర్ విభాగమే.

పక్షవాతంతో ఒక పక్క చచ్చుబడిన రోగిని మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మారుస్తుండగా ఆయన మోకాలు ఒక్కసారిగా మడతపడింది. ఆ మంచం ఎత్తు తగ్గదు; తోడు ఉండవలసిన వార్డుబాయ్‌ని స్కానింగుకు పంపేశారు. ఆయన పడిపోకుండా నేను నడుము మెలితిరిగినా వదలకుండా పట్టుకున్నాను. నొప్పి కాలి బొటనవేలి దాకా పాకింది. ఎంఆర్ఐలో నడుము దగ్గరి ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్కు జారిందని తేలింది.

ఈఎస్ఐ డిస్పెన్సరీలో డాక్టరుగారు మర్యాదగా చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. ప్రమాద నివేదిక అయిన ఫారం 12ను మాత్రం యజమానే పంపాలి. దానికోసం వెళితే హెచ్‌ఆర్ మేనేజరు నలుగురి ముందు, "ఎలా వంగాలో ఊరందరికీ చెప్పేది మీరే కదమ్మా, మీకే డిస్కు జారిందంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు. పాత నొప్పి అని రాసి సిక్ లీవు పెట్టుకోమన్నారు. సిక్ లీవుకు ఈఎస్ఐ నుంచి వచ్చేది జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. పనిలో తగిలిన గాయానికైతే కోలుకునేదాకా 90 శాతం.

చదువుకున్నంత మాత్రాన వెన్నెముక ఉక్కుగా మారదు. రోగిని చేతులతో ఎత్తడానికి, అన్నీ అనుకూలించినప్పుడు కూడా, అమెరికాలోని పని భద్రత పరిశోధన సంస్థ నియోష్ పెట్టిన హద్దు సుమారు 16 కిలోలు; తొంభై కిలోల మనిషి కాలొక్కటే దాదాపు అంత తూగుతుంది. ఈ లెక్కను, డ్యూటీలో జరిగిన ప్రమాదాన్ని విరుద్ధమైన సాక్ష్యం లేనంతవరకు పనివల్ల జరిగినదిగానే భావించాలనే అప్పటి ఈఎస్ఐ చట్టం 51ఎ సెక్షన్‌ను ఉత్తరంలో రాసి, నకలు మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్నాను. ఆ తరువాత గాని ఫారం 12 మీద సంతకం పడలేదు. ఆ షిఫ్టులోనే ప్రమాద రిజిస్టరులో నమోదు చేసిన నర్సింగ్ ఇన్‌ఛార్జి అక్కకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఈ వృత్తిలోని చెల్లెళ్లు, తమ్ముళ్లు ప్రమాద రిజిస్టరులో "నడుము నొప్పి" అని మాత్రమే రాసి ఊరుకోవద్దు. సమయం, మంచం ఎత్తు, తోడు ఎవరున్నారన్నది రాయించి, ఆ పేజీ జిరాక్సు దగ్గర పెట్టుకోండి. హెచ్‌ఆర్ నోటిమాటను నమ్మకండి. ట్రాన్స్‌ఫర్ బెల్టులు (రోగి నడుముకు కట్టి పట్టుకునేవి), రెండో మనిషి కావాలని నేను లిఖితపూర్వకంగా అడిగాను, జవాబు రాలేదు. రెండో మనిషి వచ్చేదాకా ఏ రోగినీ మంచం దింపడం లేదు.